గడీని హోటల్‌గా మార్చాలంటే ముందు నీళ్ల దారి చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నల్లగొండ జిల్లాలో తాతల నాటి గడీ, అంటే దొరల పెద్ద ఇల్లు, ఒకటి ఉంది. మధ్యలో వాకిలి, చుట్టూ కింద తొమ్మిది అర్రలు, మేడ మీద నాలుగు. రాతి గోడలు, డంగు సున్నం, టేకు దూలాలు. చాలా ఏళ్లుగా తాళం వేసి ఉంది. వారసులంతా ఒక మాట మీదికి వచ్చి దాన్ని ఖరీదైన హెరిటేజ్ హోటల్‌గా చేద్దామనుకుంటున్నారు. ఇంటీరియర్ వాళ్లొకరు వచ్చి పదమూడు గదులు, ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూమ్, లోపలంతా సిమెంటు ప్లాస్టరింగు, పైన ఫాల్స్ సీలింగు అని ప్లాను ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ దెబ్బతింటాం అని అడిగారు.

ఆ ప్లాను మీద సంతకం పెట్టకండి. పదమూడు గదులు ఆ ఇంట్లో లేవు. ఐదు ఉన్నాయి. ఆ ఐదింటిని సరిగ్గా చేస్తే మంచి ధర వస్తుంది. పదమూడూ చేస్తే మూడో వానాకాలానికి గోడలు ఉబ్బి, పైన దూలాలు వంగి, అతిథి ‘గదిలో ముక్కవాసన’ అని రాసి వెళ్తాడు. పాత ఇంట్లో డబ్బు పెట్టి ఉండే మనిషికి రాత్రి నిద్ర చెడేది నాలుగింటివల్ల: చెమ్మ వాసన, వేడి, రాని వేడినీళ్లు, దోమలు. అందులో మూడు నీళ్లతో ముడిపడినవే. అందుకే మొదటి ఏడాది డబ్బంతా నీళ్ల మీద పెట్టండి. ఝూమర్లు, కుర్చీలు, కర్టెన్లు రెండో ఏడాది.

పని మొదలుపెట్టే ముందు ఇద్దరు ముగ్గురు వారసులు బాగుచేసిన పాత భవనంలో రెండు రాత్రులు అతిథులుగా ఉండి రండి. నల్లగొండ, పాలమూరు వాళ్లకు దగ్గరిది హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా. 1884లో వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టి, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లిన మహల్ అది. ఆయన పేరు మీదనే 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. తాజ్ వాళ్లు 2010లో 60 గదులతో హోటల్‌గా తెరిచారు. అక్కడి 101 మంది కూర్చునే భోజనాల బల్ల చూసి రావడానికి కాదు మీరు వెళ్లేది. ఏసీ పైపులు ఎటు తీసుకెళ్లారు, స్విచ్చులు గోడలో తవ్వి పెట్టారా పైన బిగించారా, బాత్రూమ్ నేల గది నేల కన్నా ఎత్తుందా పల్లం ఉందా, మంచం తల గోడకు ఆనించారా ఎడం పెట్టారా, రాత్రి రెండింటికి పక్కగదిలో ఎవరైనా నడిస్తే ఎంత వినిపిస్తోంది, షవర్ తిప్పాక వేడినీళ్లకు ఎన్ని సెకన్లు పట్టింది. ఇవి రాసుకుని రండి. అది మహల్, మీది గడీ. స్థాయి వేరు, సమస్యలు మాత్రం ఒక్కటే.

ఇక గోడలు. అసలు విషయం అంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మీ గోడ రెండు, రెండున్నర అడుగుల మందం ఉంటుంది. రెండు వైపులా రాయి, మధ్యలో మట్టీ రాతిముక్కలూ సున్నమూ కూరిన పూరకం. దాని కింద, నేల చెమ్మ పైకి ఎక్కకుండా ఇప్పటి ఇళ్లలో వేసే అడ్డుపొర (డీపీసీ) ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లు ఆ చెమ్మ మొత్తం గోడ మీదుగా ఆరిపోతుంది, గోడకు ఏమీ కాదు. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు బయటికి దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ఎక్కి, సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడ బయటపడుతుంది. నీళ్లతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, ఉబ్బి, పెచ్చులుగా రాలగొడుతుంది. పాత ఇళ్లలో నడుము ఎత్తు దాకా సిమెంటు వేసిన గోడకు సరిగ్గా ఆ గీత పైనుంచి రంగు ఊడటం చూసే ఉంటారు. మేస్త్రీ దాన్ని చూసి ఇంకో రెండడుగులు పైకి సిమెంటు పూస్తాడు. మరుసటి ఏడాది చెమ్మ ఇంకో రెండడుగులు ఎక్కుతుంది.

చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలో గాలి ఆడక పడుతోందా అని ముందు తేల్చుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూయండి. 48 గంటల తర్వాత తీయండి. గోడ వైపు తడి ఉంటే గోడ చెమ్మ. బయటి వైపు తడి ఉంటే గది గాలిది, కిటికీలు తెరిస్తే పోతుంది. ఒక్కో గదిలో మూడు చోట్ల చేయండి: నేల నుంచి అడుగు ఎత్తులో, నాలుగడుగుల ఎత్తులో, పైకప్పు కింద.

గోడలో చెమ్మ అని తేలితే మొదట గోడను ముట్టుకోకండి, బయటికి వెళ్లండి. మన ఊళ్లలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తూ పోతారు. ఒకప్పుడు గడీ అరుగు కన్నా రెండడుగులు పల్లంలో ఉన్న బజారు ఇప్పుడు లోపలి నేలతో సమానమో, ఇంకా ఎత్తో అయి ఉంటుంది. వాన నీళ్లకు అదే దారి. గోడ చుట్టూ బయటి నేల, లోపలి నేల కన్నా కనీసం ఆరు అంగుళాలు పల్లంలో ఉండాలి. రోడ్డు వైపు అది కుదరకపోతే గోడకు మూడడుగుల ఎడంగా అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి, అడుగున చిల్లుల పైపు వేసి, 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకరతో నింపి, నీళ్లను పల్లం వైపు మోరీలోకి వదలండి. పునాది అడుగు కన్నా లోతుగా మాత్రం తవ్వొద్దు. పాత పునాదులు చాలా చోట్ల మూడడుగులకు మించి ఉండవు. పక్కన లోతుగా తవ్వితే గోడ జరుగుతుంది. గోడను ఆనుకుని సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టి తీసేయండి. లోపల కూడా అంతే. షాబాద్ బండల మీద టైల్స్ వేస్తే నేల చెమ్మ అంతా గోడల్లోకే పోతుంది. ఉన్న బండలను నంబర్లు రాసి లేపి, కింద రెండంగుళాల సున్నపు పొర వేసి మళ్లీ అవే పరచండి, సందుల్లో సున్నమే.

ఆ తర్వాత ఒక వానాకాలం గోడను ఆరనివ్వండి. సిమెంటు పూతను చెమ్మ గీతకు ఇంకో అడుగున్నర పైదాకా చెక్కించి వదిలేయండి. రాతి సందుల్లో పొడిగా రాలేదాన్ని అంగుళం లోతు గీకించండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య సున్నపు పని పెట్టుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే పైపొర ఒక్క పూటలో ఎండి పగుళ్లు తీస్తుంది, లోపల సున్నం పిండిలాగే ఉండిపోతుంది.

సున్నం కృష్ణకు అవతల పిడుగురాళ్ల నుంచి తెచ్చుకోవచ్చు. రాయిసున్నమే అడగండి, సంచుల్లో వచ్చే పొడి వద్దు. తొట్టిలో ముందు నీళ్లు పోసి అందులో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. ఎగిరి కళ్లలో పడితే చూపు పోతుంది. కిలో సున్నానికి మూడు లీటర్ల నీళ్ల లెక్క. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఎవర్నీ తొట్టి దగ్గరికి రానివ్వకండి. ఉడికిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నాననివ్వాలి. వెన్నలా కర్రకు అంటుకుంటే సిద్ధమైనట్టు. ఇందులో తొందరపడితే ఉడకని పలుకులు పూతలో ఉండిపోయి, ఆర్నెల్లకు గోడ మీద బొబ్బల్లా పేలతాయి.

మొదటి పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన ఏటి ఇసుక. కింద నాలుగడుగుల దాకా చెమ్మ తగిలే చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి మెత్తటి ఇటుక పొడి కలపండి, తడిలో కూడా గట్టిపడుతుంది. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు. రెండో పూతకు ఒకటికి రెండు. మూడోది సున్నమూ పాలరాతి పొడీ సమానంగా కలిపి, తాపీతో నొక్కి నొక్కి నున్నగా తీసేది. రెండు పూతల మధ్య కనీసం వారం. ఈ రోజులన్నీ తడి గోనెసంచులు వేలాడదీసి రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లాలి. సున్నం ఎండడం వేరు, గట్టిపడడం వేరు. అది గాలి పీల్చుకుని మెల్లగా రాయి అవుతుంది, దానికి నెలలు పడుతుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపడం పాత పద్ధతే. అయితే ఎక్కువైతే బూజు పడుతుంది. ఒక మూల గజం మేర పూసి నెల చూశాకే ఇల్లంతా పూయండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే చేసిన పనంతా వృథా. పలుచటి సున్నమే నాలుగైదు చేతులు వేయాలి.

ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిన నేల మనది, సున్నం కలిపే చేతులు తగ్గిపోయాయి. గుళ్ల జీర్ణోద్ధరణ పనులు చేసిన ముఠాలను వెతకండి. ‘కొంచెం సిమెంటు కలిపితే తొందరగా పడుతుంది సార్’ అన్న మేస్త్రీని మొదటి రోజే పంపించేయండి.

మిద్దె సంగతి. పాత గచ్చు కారుతోందని పైన కాంక్రీటు పోయించడం అందరూ చేసే తప్పు. రెండంగుళాల కాంక్రీటు అంటే చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. ఇరవై అడుగులకు పదిహేను అడుగుల గది మీద మూడు టన్నులకు పైమాటే. వందేళ్ల దూలం మీద మూడు ఏనుగు గున్నల్ని శాశ్వతంగా నిలబెట్టినట్టు. ముందు పైన ఎవరెవరు ఎప్పుడెప్పుడు వేశారో ఆ సిమెంటు పొరలన్నీ తీయించండి. ఆ తర్వాత అంగుళం సైజు ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు వేసి, చెక్క దిమ్మిసలతో వారం రోజులు కొట్టించాలి. దిమ్మిస దిగబడకుండా ఎగిరి పడుతుంటే అయినట్టు. కొట్టేటప్పుడు చల్లే నీళ్లకు పాత లెక్క ఒకటుంది: 60 లీటర్లకు 1.75 కిలోల బెల్లం, ఒక కిలో ఉడికించిన మారేడు గుజ్జు. వాలు అరవై అడుగులకు అడుగు, అంటే పదిహేను అడుగుల గదికి మూడంగుళాలు. తూములు గోడ దాటి అడుగున్నరైనా బయటికి రావాలి, లేకపోతే మిద్దె నీళ్లన్నీ గోడ తాగుతుంది.

దూలాలను నడిమధ్య చూసి బాగున్నాయని మురిసిపోకండి. కుళ్లేది గోడలో దూరిన చివర. అక్కడ స్క్రూడ్రైవరుతో గుచ్చండి. అర అంగుళం దిగితే లోపల పోయినట్టే. మొత్తం దూలం మార్చనక్కర్లేదు. కుళ్లిన మేర కోసి, అదే జాతి పాత కర్రతో ఏటవాలు అతుకు వేసి రెండు వైపులా ఇనుప పట్టీలు బోల్టులతో బిగిస్తే సరిపోతుంది. తిరిగి గోడలో పెట్టేటప్పుడు చివర చుట్టూ అంగుళం ఖాళీ వదలండి, గాలి తగిలితే కర్ర బతుకుతుంది. ఫాల్స్ సీలింగు వద్దనేది ఇందుకే కూడా. కారుతున్నదీ కుళ్లుతున్నదీ కనబడకుండా పోతుంది, ఎలుకలకు గబ్బిలాలకు ఇల్లు దొరుకుతుంది. పైగా అతిథి చూడాలని వచ్చేది ఆ దూలాలనే.

చెదలకు క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందును లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, గోడా నేలా కలిసే మూలన అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, చిల్లుకు లీటరు చొప్పున పోయిస్తారు. లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించండి. బావి దగ్గర మాత్రం వాడొద్దు.

ఇప్పుడు బాత్రూమ్‌లు. ఇల్లు నిలబడేదీ కూలేదీ వీటితోనే.

మేడ మీద ఒక్క బాత్రూమ్ కూడా పెట్టకండి. చెక్క దూలాల మీద ఎంత వాటర్‌ప్రూఫింగు చేసినా కర్ర సాగుతుంది, కుంగుతుంది, పూత చిట్లుతుంది. కిందికి కారేదాకా మీకు తెలియదు. పైన టబ్బు అని కూడా ఆ ఇంటీరియర్ వాళ్లు అన్నారు. నీళ్లూ మనిషీ కలిపితే ఒక్క టబ్బు 400 కిలోలు. ఇంకో కారణం, మేడకు ఒకే చెక్క మెట్లదారి ఉంటే నిప్పంటుకున్నప్పుడు పైన పడుకున్నవాళ్లకు దిగే దారి ఉండదు. రెండో మెట్లదారి కట్టలేకపోతే పైన ఎవర్నీ పడుకోబెట్టకూడదు. ఆ నాలుగు గదులను పుస్తకాలకు, సాయంత్రం కూర్చోడానికి, పాత ఫొటోలకు వదిలేయండి. వానాకాలం సాయంత్రం ఆ పైకిటికీ దగ్గర కూర్చోవడానికే జనం మళ్లీ వస్తారు.

కింద తొమ్మిది అర్రల్లో ఐదు పెద్దవి పడకగదులు. మిగతా చిన్నవాటిలో ఒకటో రెండో గుమ్మి అర్రలు ఉంటాయి, వడ్లు పోసుకునేవి. కిటికీ ఉండదు, నేల ఎత్తు, గోడలు దిట్టం. పడకగదికి పనికిరావు, బాత్రూమ్‌కు మాత్రం బాగా పనికొస్తాయి. ఒక పెద్ద గుమ్మి అర్రను మధ్యలో తేలికపాటి గోడతో రెండు చేసి అటో గదికి, ఇటో గదికి ఇవ్వొచ్చు. ఆ మధ్యగోడ సిమెంటు బోర్డుది అయినా పరవాలేదు, పాత గోడకు అతకకుండా నిలబడాలి. బాత్రూమ్ టైల్స్ పాత గోడకు నేరుగా అంటించకూడదు. షవర్ వైపు రెండంగుళాల ఎడంతో బోర్డు నిలబెట్టి దాని మీద టైల్స్ వేయండి. వెనకాల పాత గోడ గాలి పీల్చుకుంటుంది, రేపు ఎవరైనా మళ్లీ మార్చాలనుకుంటే గోడ చెక్కు చెదరకుండా ఉంటుంది.

పైపులు గోడలో తవ్వి దాచొద్దు. బాత్రూమ్ నేలను ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపి, మురుగు వాసన పైకి రాకుండా ఆపే ట్రాపు, 110 మిల్లీమీటర్ల పైపు అందులోనే నడిపి, వెనక వైపు నుంచి ఒకే చోట గోడ దాటించండి. వాలు అరవైకి ఒకటి. నేల పూర్తయ్యాక టైల్స్ వేయకముందు తూము మూసి అంగుళం నీళ్లు 48 గంటలు నిలబెట్టి చూడాలి. గుర్తు గీసిన మట్టం తగ్గితే మళ్లీ చేయించండి. ఈ పరీక్ష ఎగ్గొట్టే ప్లంబర్లే ఎక్కువ. కిటికీ లేదు కాబట్టి మిద్దె దాకా గొట్టం పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను, తలుపు కింద అర అంగుళం సందు రెండూ ఉండాలి. సందు లేకపోతే ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి కదలదు.

మురుగు ఎటు పోతుందన్నది మన జిల్లాలో పెద్ద ప్రశ్న. చాలా చోట్ల కొద్ది అడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఇంకుడు గుంతలో నీళ్లు ఇంకవు, వానాకాలం తిరిగి పైకి వస్తాయి. సెప్టిక్ ట్యాంకు తర్వాత కంకర పడక మీద మెట్ట తామర పెంచి శుద్ధి చేసే పద్ధతి ఇక్కడ నయం. ఆ నీళ్లు తోటకు వాడుకోవచ్చు. ఇంకుడు గుంత పెట్టేటట్టయితే బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరం.

నీళ్లు ఎన్ని కావాలి? ఐదు నక్షత్రాల స్థాయికి ప్రమాణం మంచానికి రోజుకు 320 లీటర్లు. ఐదు గదులు, పది మంచాలు, 3,200 లీటర్లు. వంటిల్లు, బట్టలు, పనివాళ్లు కలిపితే 5,000 పెట్టుకోండి, రెండు రోజుల నిల్వ ఉండాలి. నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరే ఉంది, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపు ఉంటే మంచిది. ముందు పరీక్ష చేయించండి. ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటుంది: సాఫ్ట్‌నర్ పెడితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. పోదు. అది గట్టిదనాన్ని మాత్రమే తీస్తుంది. గీజర్లో పెచ్చు కట్టకుండా, షవర్ కన్నాలు మూసుకోకుండా, సబ్బు నురగ వచ్చేలా స్నానం నీళ్లకు సాఫ్ట్‌నర్ కావాలి. తాగే, వండే నీళ్లకు వేరే లైను, ఆర్‌ఓ. పళ్లు తోముకునే కుళాయి దగ్గర కూడా తాగే నీళ్ల సీసా పెట్టండి. ఆర్‌ఓ వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, దాన్ని బావిలోకో ఇంకుడు గుంతలోకో వదలొద్దు. టాయిలెట్ ఫ్లష్‌కు వాడండి.

వేడినీళ్లు: పదిమందికి 500 లీటర్ల సోలార్ ట్యాంకు, మబ్బు రోజులకు కరెంటు తోడు. ట్యాంకు నుంచి చివరి గదికి ముప్పై మీటర్లుంటే ముప్పావు అంగుళం పైపులో ఏడెనిమిది లీటర్ల చల్లటి నీళ్లు నిలిచి ఉంటాయి. నిమిషం పాటు అవి పోతే గానీ వేడివి రావు. చిన్న సర్క్యులేషన్ పంపుతో లైనును చుట్టు తిప్పితే కుళాయి తిప్పగానే వస్తాయి.

వేడి, కరెంటు. మందపాటి గోడ పగటి ఎండను రాత్రికి గానీ లోపలికి వదలదు. అందుకే మేలో మన వైపు పాత ఇంట్లో మధ్యాహ్నం హాయిగా ఉండి, రాత్రి తొమ్మిదింటికి ఉక్కపోస్తుంది. దీనికి ఏసీ ఒక్కటే మందు కాదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పై వెంటిలేటర్లు తెరవండి, ఎనిమిదింటికల్లా అన్నీ మూసేయండి. వెంటిలేటర్లకు సన్నటి జాలీ లేకపోతే దోమలు, గబ్బిలాలు, తేనెటీగలు వస్తాయి. ఫ్యానుకు పొడవు రాడ్ వేసి నేల నుంచి తొమ్మిదడుగుల ఎత్తులో ఉంచండి. పదహారడుగుల పైకప్పుకు ఆనించి పెడితే గాలి మంచం దాకా రాదు. ఏసీ బయటి యూనిట్లు ముందువైపు గోడకు వేలాడదీయొద్దు, వెనక నేల మీద దిమ్మె కట్టి పెట్టండి. ఏసీ నుంచి కారే నీళ్లు వానాకాలం గంటకు లీటరు దాకా ఉంటాయి, పైపు వదులై అవి గోడ మీద పడితే ఆర్నెల్లలో మీ సున్నపు పని నల్లబడుతుంది.

వైర్లు గోడ తవ్వకుండా, దూలం పక్కగా పైపుల్లో. ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, వేర్వేరు లైన్లు, షాకు కొడితే వెంటనే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పాత కర్ర ఇంట్లో నిప్పుకు మొదటి కారణం అతుకులు పెట్టిన వైరింగే. ప్రతి గదిలో పొగ అలారం, దర్వాజ దగ్గర మంటలార్పే సిలిండరు. జనరేటరు గదులకు వంద అడుగుల దూరంలో.

గది లోపల పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచం తల గోడకు ఆనిస్తే సున్నం వీపుకు అంటుతుంది, గోడకు గాలి ఆగుతుంది. నాలుగడుగుల ఎత్తు టేకు పలకను అంగుళం ఎడంతో నిలబెట్టండి. బీరువా గోడకు మూడంగుళాలు ఎడం. పాత దర్వాజలు పొట్టి, గడపలు ఎత్తు. గడప కోయించకండి. దాని పక్కన నేలకు దగ్గరగా చిన్న దీపం పెట్టండి, పెద్దవాళ్లు వస్తే వేసుకోడానికి చెక్క వాలుపలక ఒకటి సిద్ధంగా ఉంచండి. దుప్పట్లకు, కర్టెన్లకు పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మగ్గాలున్న చోట ఉండి పానిపట్ సరుకు కొనొద్దు. ఇక్కత్ కర్టెన్‌కు వెనక అస్తరు వేయిస్తే పడమటెండకు వెలవదు. పుట్టపాక తేలియా రుమాలు నూనెలో నానిన నూలుతో నేస్తారు కాబట్టి మొదట్లో వాసన ఉంటుంది. గోడకు అందంగా ఉంటుంది, దిండు మీద వద్దు. పొద్దున జొన్న రొట్టె, సర్వపిండి వేడిగా పెట్టండి. టోస్టు ఎక్కడైనా దొరుకుతుంది.

కాగితాలు త్వరగా చెప్తాను. గడీలు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో, ఉంటాయి, పాసుపుస్తకం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, వారసుల పంపకం రిజిస్టర్ చేసిన కాగితం ముందు సరిచేసుకోండి. ఒక్క వారసుడు కోర్టుకెళ్తే పని ఆగుతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి, ఉదాహరణకు అలంపురం గుళ్లకు, 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పర్యాటక శాఖ హెరిటేజ్ గుర్తింపుకు ఇల్లు 1950కి ముందుదై ఉండాలి, కనీసం ఐదు గదులు. విదేశీ అతిథి వస్తే 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు పంపాలి. ధర పెట్టేటప్పుడు ఒక లెక్క చూసుకోండి: గది రోజుకు 7,500 దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 7,500 గదికి అతిథి కట్టేది 7,875, అదే 8,000 గదికి 9,440. 7,500 నుంచి తొమ్మిది వేల మధ్య ధర పెట్టడంలో అర్థం లేదు. అయితే 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మీరు కొన్నవాటి మీద కట్టిన పన్నుకు మినహాయింపు, రాదు, మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

ఇంకో మాట మీరు అడగలేదు, కానీ చెప్పాల్సిందే. మన జిల్లాలో గడీ అంటే ఊరి జనానికి చెక్కిన దర్వాజలు గుర్తురావు. వెట్టి గుర్తొస్తుంది. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటం ఈ వాకిళ్ల ముందే జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జ్ఞాపకం రద్దు కాలేదు. పాత ఫొటోల గదిలో తాతల వేట ఫొటోలే పెట్టి అతిథులకు ‘రాజసం’ అని చెప్పకండి. ఈ గోడలకు రాళ్లు ఎవరు మోశారో, వెట్టి ఎలా నడిచిందో, ఎలా పోయిందో ఊళ్లో పెద్దవాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి, తెలుగులో ముందు. పనివాళ్లను ఆ ఊరి నుంచే తీసుకోండి, మంచి జీతం ఇవ్వండి. ముందు వాకిలి వారానికి ఒక పూట బడిపిల్లలకు తెరిచి ఉంచండి. ఊరు ఒప్పుకోని గడీలో ఏ అతిథీ హాయిగా నిద్రపోడు.

తెరిచే ముందు రెండు రాత్రులు లెక్కగా పడుకోండి. ఒకటి మే మూడో వారంలో, ఇంకొకటి గట్టి వాన పడ్డ జూలై రాత్రి. ఐదు గదుల్లోనూ ఇంట్లోవాళ్లే, అందులో ఒక గదిలో డెబ్బై దాటిన పెద్దమనిషి. రాత్రి పదింటికి, రెండింటికి, పొద్దున ఐదింటికి గది వేడిని థర్మామీటరు చూసి రాయండి. పొద్దున ఏడింటికి ఐదు షవర్లూ ఒకేసారి తిప్పి ఏ గదిలో ధార సన్నబడిందో చూడండి. అదే సమయానికి గీజర్లన్నీ వేసి మెయిన్ పడుతుందేమో చూడండి. ఫాయిల్ ముక్కలు మళ్లీ అవే పదిహేను చోట్ల అంటించి 48 గంటలు ఉంచండి. పదిహేనింటిలో ఒక్కటి గోడ వైపు తడిగా వచ్చినా ఆ గదిని దసరా దాకా తెరవకండి.